మూడేళ్ల పిల్ల రిపోర్టు

స్కానింగ్ గదిలో తెర ముందు రేడియాలజీ డాక్టరు, పక్కన టెక్నీషియన్. అద్దం అవతల ఐదేళ్ల పాపకి ఇంకా మత్తు వదల్లేదు. డాక్టరు చేతిలో పాప పాత రిపోర్టు.

“ఛీ ఛీ! ఇదీ ఒక రిపోర్టేనా? ‘వయసురీత్యా మెదడు కాస్త కుంచించుకుపోయింది, మిగతాదంతా మామూలే’నట. అప్పటికి మూడేళ్ల పిల్ల!”

“ఎవరో ముసలాయనకి రాసింది చెరపకుండా దీంట్లోకి దించేసుంటారు మేడమ్. జరుగుతూనే ఉంటాయి.”

“జరుగుతూనే ఉంటాయా? ఇదిగో, రెండేళ్ల నాటి సీడీ. మెదడు లోపలి గదుల అంచున గడ్డలు... ఒకటి, రెండు, మూడు. పైపొరలో మచ్చలు. ఇవాళ మనం తీసినదాంట్లోనూ అవే. కళ్లు నెత్తికెక్కినవాళ్లకి తప్ప అందరికీ కనబడతాయి!”

“అయితే ట్యూబరస్ స్క్లెరోసిసేనా?”

“ఇంకేంటి? పుట్టుకతో వచ్చి మూర్ఛలు తెప్పించే ఆ జబ్బే. ఒంటి మీద చూశావా?”

“గౌనుకి ఇనప జిప్పుందని మార్పించాం కదా, అప్పుడు చూశాను. వీపంతా తెల్లమచ్చలు, ఆకుల్లాగా, ఆరేడు. పుట్టినప్పట్నుంచీ ఉన్నాయంది వాళ్లమ్మ.”

“ఆ రోజు ఒక్క మాట అడిగుంటే! మూర్ఛకి మందు అప్పుడే పడేది.”

“స్కాన్‌లో ఏం లేదన్నారని, అంతా మొండితనం అనుకున్నారట మేడమ్. పిల్ల బిగుసుకుపోతే వాళ్లమ్మ నాలుగు తగిలించేదట కూడా. ఇప్పుడు పాప అమ్మా అనడం కూడా మానేసిందని...”

“ఆపు. ఆపవయ్యా బాబూ.”

“ఇంతకీ రాసిందెవరు? సంతకం దగ్గర తడిసి ఇంకు పాకిపోయింది.”

“ఎవరైతే ఏం! రోజుకి నాలుగు సెంటర్లు తిరిగి, బొమ్మ తెరవకుండానే సంతకాలు గీకి పారేసే రకం. తలుచుకుంటేనే అసహ్యం.”

“మన రిపోర్టు మనం ఇచ్చేద్దాం మేడమ్. పాతదాని జోలి మనకెందుకు? ఆ సెంటరే మూతపడింది. వాళ్లమ్మకేం తెలుస్తుంది?”

“తెలియకపోతే? పిల్లని కొట్టానే అని ఆవిడ బతికినన్నాళ్లూ తనని తాను తిట్టుకోవాలి. అంతేనా?”

“అది కాదు మేడమ్... చెబితే ఊరుకుంటారా? కేసూ గీసూ అంటే ఆ డాక్టర్ గారి పని అయిపోయినట్టే. పాపం, వాళ్లకీ పిల్లాజెల్లా ఉంటారు కదా.”

“ఉంది, ఒక్కతే కూతురు. దాని పుట్టినరోజని ఆ సాయంత్రం ఇరవై రిపోర్టులకి అరగంటలో సంతకాలు పెట్టేసి వెళ్లిపోయాను. వెళ్లు, వాళ్లమ్మని లోపలికి పిలువు.”