ఉప్పు వేయని నీలం

ఏరా శ్రీచరణ్, ఆ చొక్కా అక్కణ్ణుంచి తీసి ఈ పక్క తీగ మీద వేస్తున్నావేంటి? అక్కడ ఎండ బానే ఉందిగా. ఏంటీ? అక్క చొక్కా పక్కన ఆరెయ్యవా? ఓరినీ, దాని చొక్కాకేమన్నా గజ్జి ఉందా? ఆ... ఆహా... రుచిత టీము మారిందా. మొన్నటిదాకా ఇద్దరూ ఒకే ఎర్రచొక్కాలేసుకుని టీవీ ముందు ఇల్లు పీకి పందిరేసేవాళ్ళు కదరా. దానికిష్టమైన ఆటగాడు వేరే క్లబ్బుకి పోతే ఇది కూడా వాడి వెనకే పోయిందా. అందుకని మాటల్లేవా. మీ అమ్మ చెప్పిందిలే. పొద్దున ఇడ్లీల దగ్గర, పక్కనే కూర్చున్న అక్కతో చెప్పకుండా, 'అమ్మా, ఆ చట్నీ గిన్నె ఇటు జరపమని చెప్పు' అన్నావంటగా. నవ్వాగలేదు నాకు. నిన్ను చూసి కాదులేరా, అలా ముడుచుకోకు. బాలశౌరి గుర్తొచ్చాడు. ఇలా వచ్చి కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతోంది, స్టూలు లాక్కో.

బాలశౌరంటే నీకేం తెలుస్తుంది, మీ నాన్న నిక్కర్లేసుకునే రోజుల్లోనే పోయాడాయన. గుణదలలో ఉండేవాళ్ళం అప్పుడు. నాకు స్కూల్లో కొత్తగా ఉద్యోగం వచ్చింది. మా గోడకి ఆనుకునే వాళ్ళిల్లు. ఆయన, భార్య తెరేసమ్మ, ఒక్కడే కొడుకు స్టీఫెను. బాలశౌరి గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో కంపోజిటరు. సీసం అక్షరాలు ఒక్కోటీ ఏరి పేర్చే పనిలే, ఇప్పుడెక్కడుంది అది. ఆ పనిలో కళ్ళు పోయి సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టేవాడు. మనిషి ఇంతే ఉండేవాడు, గొంతు మాత్రం కొండ మీద మైకు పెట్టినట్టుండేది. జన్మలో బంతిని కాలితో తన్నిన పాపాన పోలేదు. కానీ గుణదల బ్రదర్స్ ఆడుతున్నారంటే ప్రెస్సుకి నాగా పెట్టేవాడు. గుణదల బ్రదర్స్ అంటే మన పేట ఫుట్‌బాల్ టీమేలే. కాలవ అవతల ఖాళీస్థలం ఉండేది, ఇప్పుడు అక్కడన్నీ అపార్ట్‌మెంట్లు, మన బ్యాంకు సూర్యనారాయణ కొనుక్కున్నాడే, లిఫ్టు ఎప్పుడూ పనిచేయదని ఏడుస్తుంటాడు, అక్కడే. అక్కడ గోలుపోస్టు వెనక ఒకటే చోటు ఆయనది. ఇంకెవరన్నా అక్కడ నిలబడితే, 'బాబూ, కొంచెం జరుగుతారా, ఇది నా సీటు' అనేవాడు. సీటేంటి, నా బొంద, ఉత్త నేల.

వాళ్ళది నీలం చొక్కా. చొక్కా అంటే మీవాటిలా అనుకునేవు, చేతుల బనీన్లు. మరియమాత పైవస్త్రం నీలం కదా, అందుకని టీము పెట్టినప్పటి నుంచీ అదే రంగు. ఏటా ఆగస్టు పదిహేను కప్పుకి ముందు తెల్ల బనీన్లు తెచ్చి, పండగ వంటలకి వాడే పెద్ద గుండిగ అరువు తెచ్చుకుని, వాళ్ళ పెరట్లోనే రంగు వేసేవాళ్ళు. అది తెరేసమ్మ డిపార్ట్‌మెంటు. నీళ్ళు కాగాక రంగు పొట్లాలు కలిపి, దోసిళ్ళతో ఉప్పు పోసేది. ఉప్పు పడకపోతే రంగు గుడ్డని పట్టుకోదులే. ఆ రోజు వాళ్ళ పెరడంతా నీలం, కోళ్ళతో సహా. మా ఆవిడ, అదే మీ నాయనమ్మ, మా బట్టలన్నీ ఇంట్లోకి లాగేసేది.

చొక్కా అంటే ఆయనకి ప్రాణంరా. 'మాస్టారూ, ఆటగాళ్ళు వస్తారు, పోతారు. మోకాళ్ళు అరిగిపోతాయి, పెళ్ళిళ్ళవుతాయి, పొట్టలొస్తాయి. చొక్కా ఉంటుందండీ. మనం చప్పట్లు కొట్టేది దానికి' అనేవాడు. మీ ఆటగాళ్ళ చొక్కాలు చూపించావే నువ్వు మొన్న ఫోన్లో, పొట్ట మీద విమానాల కంపెనీ పేరు, చేతి మీద ఇంకెవడి పేరో. ఏటా కొత్తది మారుస్తారంటగా, అదీ మూడేసి రకాలు. బాలశౌరి ఉంటే... అయ్యో, ఆయన ఒకే మాట అనేవాడు. 'కొట్టు పేరున్నది చొక్కా కాదండీ, సంచి.' ఈ మాట ఊరికే రాలేదులే, చెప్తా. గవర్నర్‌పేటలో హోల్‌సేల్ బట్టల కొట్టు వెంకటసుబ్బారావు గారని ఉండేవాడు. షావుకారు. ఆయనకీ ఆట పిచ్చి. సొంతంగా టీము పెట్టాడు. వాళ్ళకి తళతళలాడే తెల్లచొక్కాలు, వీపు మీద ఎర్రక్షరాలతో కొట్టు పేరు, కాళ్ళకి బూట్లు. మనవాళ్ళవి ఉత్తకాళ్ళు. అంతేకాదు, బాగా ఆడేవాడికి కొట్లో ఉద్యోగం.

ఇంకేముంది, స్టీఫెన్‌ని ఎత్తుకుపోయాడు. వాడు సెంటర్ ఫార్వర్డురా. ఎడంకాలితో కొడితే గోలుకీపరు బంతిని చూసేలోపు వెనక వల ఊగేది. కాలేజీ చదువు అబ్బలేదు, ఉద్యోగం లేదు. షావుకారు పిలిచి గుమాస్తా పని ఇస్తానంటే వెళ్ళడా మరి? నన్నడిగితే తప్పేం లేదు. బాలశౌరి కూడా ఉద్యోగాన్ని ఏమీ అనలేదు. 'పని ఇస్తే చెయ్యి, బూట్లిస్తే తొడుక్కో. ఆట మాత్రం ఇక్కడ ఆడు' అన్నాడు. షావుకారు ఒప్పుకుంటాడా? 'రెండు పడవలు నా దగ్గర కుదరవు బాబూ' అన్నాడట. స్టీఫెన్ వచ్చి, 'మీరు కూడా గవర్నర్‌పేటలోనే పని చేస్తున్నారు కదా నాన్నా' అన్నాడు. నేను గోడ ఇవతల వింటూనే ఉన్నా. 'పనికి పోతున్నాన్రా. వాళ్ళ చొక్కా తొడుక్కుని నా పేట మీద గోలెయ్యట్లా' అని కేకేశాడు బాలశౌరి. అక్కడితో ఆగితే బావుండేది. నేరుగా జక్కయ్య టీకొట్టుకి పోయి, పేటంతా వినేలా ఒట్టేశాడు. 'వాడి ఒంటి మీద ఆ తెల్లచొక్కా ఉన్నంతకాలం వాడితో నాకు మాటల్లేవు. జక్కయ్యా, నువ్వే సాక్షి.' జక్కయ్య పాపం, టీ వడపోస్తూ, 'నన్నెందుకు ఇరికిస్తావు బాలశౌరీ' అన్నాడు.

ఇహ చూస్కో. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, తండ్రీకొడుకులకి మాటల్లేవు. అన్నం దగ్గర, 'తెరేసా, పులుసు కావాలేమో అడుగు ఆ గవర్నర్‌పేట ఆయన్ని' అనేవాడు. ఆ గవర్నర్‌పేట ఆయన ఎదురుగానే కూర్చుని ముద్ద కలుపుతుండేవాడు. తెరేసమ్మ వాడితో, 'పులుసు కావాలా అని అడుగుతున్నారు గుణదల వారు' అనేది. నవ్వుతూనే అనేదిలే, కానీ ఆవిడ నలిగిపోయింది. మా ఆవిడతో చెప్పుకుని ఏడ్చేది. స్టీఫెన్ తెల్లచొక్కా ఉతికితే బాలశౌరి దాన్ని తమ తీగ మీద ఆరెయ్యనిచ్చేవాడు కాదు. దానికోసం ఆవిడ జామచెట్టుకీ మా గోడ మేకుకీ విడిగా ఒక తాడు కట్టింది. అవునురా, అచ్చం నువ్విప్పుడు చేసినట్టే. పక్కచూపులు చూడకు, విను.

మబ్బు పడుతోందేంటి? సరే. కప్పు దగ్గరకొచ్చింది. ఆ ఏడు ఫైనలు ఎవరెవరికి అనుకున్నావు? ఆఁ, వాళ్ళకీ వాళ్ళకే. బనీన్లకి రంగు వెయ్యాలి. తెరేసమ్మ, 'కొడుకుతో మాట్లాడండి, రంగు వేస్తా' అంది. ఈయనకి రోషం ముంచుకొచ్చింది. 'నువ్వు నీ కొడుకు తెల్లచొక్కా ఉతుక్కో ఫో. నా బనీన్లకి నేను రంగు వేసుకోలేనా' అని తనే గుండిగ ఎక్కించి, లుంగీ ఎగ్గట్టి, పొయ్యి ముందు కూర్చున్నాడు. నేను గోడ మీంచి చూస్తున్నా. పొట్లాలు వేశాడు, కర్రతో కలిపాడు, బనీన్లు ముంచాడు. నీలం నిగనిగలాడిపోతోంది. 'చూశారా మాస్టారూ, ఏముంది ఇందులో బ్రహ్మవిద్య' అన్నాడు. నేనేమో వంటింటి గుమ్మం వైపు చూశా. తెరేసమ్మ ఉప్పు జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. ఆయన అడగలా. ఆవిడ చెప్పలా. నాకా, ఈ ఉప్పు సంగతి అప్పటికి తెలియదు. పప్పులోకి తెచ్చుకుందేమో అనుకున్నా.

ఫైనలు రోజు పొద్దుటి నుంచీ ముసురు. ఆట మొదలయ్యేసరికి జల్లు, కాసేపటికి కుండపోత. ఇహ రంగు కారడం మొదలెట్టింది నాయనా! మనవాళ్ళ చేతులు నీలం, నిక్కర్లు నీలం, బంతి నీలం. మనవాళ్ళకి స్టీఫెన్ ఆట చిన్నప్పటి నుంచీ తెలుసు కదా, ఇద్దరు వాణ్ణి వదలకుండా పట్టుకు వేలాడారు. కలిసి గోళీలాడినోళ్ళు, ఆ చనువుతో మెడా నడుమూ వాటేసుకుని మరీ ఆపారు. వాళ్ళు ఎంత వాటేసుకుంటే వీడికి అంత అంటింది. సగం ఆటయ్యేసరికి తెల్లచొక్కాలన్నీ నీలం, స్టీఫెన్‌దైతే మరీను. రిఫరీ విజిలు నోట్లో పెట్టుకుని ఎవడు ఎవడో అర్థంకాక తల గోక్కుంటున్నాడు. షావుకారు గొడుగు కింద నుంచి ఒకటే కేకలు, 'పేరేదిరా! నా కొట్టు పేరు కనపట్టం లేదు! వీపులు తుడుచుకోండ్రా!' మేమందరం ఆట మానేసి ఆయన్నే చూస్తున్నాం.

ఇక ఆట అయిపోవస్తోంది, చెరో గోలు మీద ఉన్నారు. గుంపులోంచి ఒకడు బయటికొచ్చాడు. ఒళ్ళంతా నీలం. బంతిని ఇలా పక్కకి లాగి, ఎడంకాలితో ఒక్కటిచ్చాడు. బాలశౌరి నిలబడ్డ పోస్టులోనే పడింది. 'గోల్!' అని గాల్లోకి ఎగిరాడు చూడూ బాలశౌరి! చప్పట్లు, ఈలలు, గొడుగు అవతల పారేశాడు. 'అదీ దెబ్బ! అదీ దెబ్బంటే!' చుట్టూ చూస్తే ఒక్కడూ అరవటం లేదు. గుణదల గుణదలంతా నోరు తెరుచుకుని ఈయన్నే చూస్తోంది. జక్కయ్య భుజం పట్టుకుని, 'బాలశౌరీ, ఆ గోలు మన మీద పడింది. వేసింది మీవాడు' అన్నాడు.

అక్కడ నిలబడిపోయాడు. కళ్ళద్దాల మీద నీళ్ళు కారిపోతున్నాయి. తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నాకు ఇప్పటికీ అనుమానమేరా. వానలో కనపడలేదంటే నమ్ముదామా? ఆ ఎడంకాలు ఎవరిదో తండ్రికి తెలియదా? నేనడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు, 'నీలం చొక్కా గోలేసిందండీ, నేను చప్పట్లు కొట్టాను. నాకు మనుషులతో పనేంటి.'

కప్పు పోయింది. షావుకారు మనుషులు స్టీఫెన్‌ని భుజాలకెత్తుకున్నారు. వాడు దిగి, ఇటే చూస్తూ నిలబడ్డాడు. దగ్గరికి రాడు, పోడు. పాతికేళ్ళవాడు, తిట్టు కోసం ఎదురుచూసే పసివాడిలా ఉన్నాడు. జక్కయ్య ఊరుకోలేక, 'ఏం బాలశౌరీ, ఒట్టు సంగతేంటి? నన్ను సాక్షిని చేశావుగా' అన్నాడు. బాలశౌరి కొడుకుని పైనుంచి కిందదాకా చూశాడు. 'ఏమని ఒట్టేశానయ్యా? తెల్లచొక్కా ఉన్నంతకాలం అన్నాను. ఏదీ తెల్లచొక్కా? చూపించు' అన్నాడు. గబగబా ఆటస్థలంలోకి నడిచాడు. అందరం చూస్తున్నాం. భుజం మీద తువ్వాలు తీసి వాడి నెత్తిన వేసి, 'తల తుడుచుకోరా. జలుబు చేస్తే మీ అమ్మ నన్నంటుంది' అన్నాడు. అంతే. స్టీఫెన్ ఆ తువ్వాల్లో మొహం పెట్టుకుని ఇహ తియ్యలేదు. నాకు కూడా కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. వానలో ఎవరికి తెలుస్తుందిలే అని నేనూ కానిచ్చా.

ఇంటికొస్తుంటే ఎవరో అన్నారు, 'ఎప్పుడూ లేంది ఈసారి రంగెందుకు కారిందబ్బా' అని. బాలశౌరి టక్కున, మాతోపాటే ఆట చూసొస్తున్న తెరేసమ్మ వైపు చూశాడు. ఆవిడ ఆకాశం వైపు చూసింది.

స్టీఫెన్ ఆ ఉద్యోగం మానలేదు, ఆ టీమూ మానలేదు. ఆడినన్నాళ్ళూ వాళ్ళకే ఆడాడు. బాలశౌరి గోలుపోస్టు వెనక అదే చోట నిలబడి గుణదలకే అరిచాడు, కొడుకు ఎదురుపడితే వాడి టీముని వాయించి పెట్టాడు. సాయంత్రం ఇద్దరూ కూర్చుని పులుసన్నం తినేవాళ్ళు, ఆటని మళ్ళీ మొదట్నుంచీ ఆడుకుంటూ. ఆ ఫైనలు మర్నాడు తెల్లారి మాత్రం నాకు బాగా గుర్తు. ముసురు తగ్గి ఎండొచ్చింది. నేను పళ్ళు తోముకుంటూ గోడ దగ్గరికొచ్చా. జామచెట్టు తాడు లేదు, మా మేకు ఖాళీగా ఉంది. అటు చూస్తే వాళ్ళ తీగ మీద వరసగా చొక్కాలు. బాలశౌరే ఆరేస్తున్నాడు, నోట్లో క్లిప్పులు పెట్టుకుని. అన్నీ నీలమే. ఏది వీళ్ళదో, ఏది వాడిదో...

అదుగో, చినుకు. నా చేతి మీద పడింది. లే లే, కూర్చున్నావేంటి, నీ చొక్కా తడిసిపోతుంది, పరిగెత్తు. ఆఁ... అక్కది కూడా తియ్యి.