వెనక గదిలోని రెండో చిలుక

నన్ను మా వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. వయసు నలభై ఆరు. వృత్తి కుట్టుపని. ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకుని ఆడవాళ్ల బట్టలు కుడతాను. ఇంట్లో నేనూ, మా ఆయనా, ఒక చిలుకా ఉండేవాళ్లం. ఇప్పుడు చిలుకలు రెండు. ఈ గొడవంతా ఆ రెండో చిలుక గురించే. నేను ఏ ఆడమనిషినీ గదిలో పెట్టి తాళం వేయలేదు. ఎస్సై గారూ, దయచేసి ఆ మాట ముందు రాయండి.

మొదటి చిలుకను పెద్దోడు అని పిలుస్తాం. వాడి పంజరం ఏళ్ల తరబడి నా మిషన్ పక్కనే ఉంది. గుమ్మం ఎక్కిన ప్రతివాళ్లనూ "కొలతలకి పాతది తెచ్చావా?" అని అడుగుతాడు. అచ్చం నా గొంతే. నేను మంచాన పడ్డా కొట్టు వాడే నడిపేస్తాడని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

రెండో చిలుకను పోయిన నెల మా చెల్లెలు తెచ్చింది. ఆమె, మా మరిది ఊరికి ఆ చివర, ఐసు ఫ్యాక్టరీ వెనక వీధిలో ఉంటారు. వాళ్లకు పిల్లలు లేరు. పంజరం గుమ్మంలో దించి, "అక్కా, నీ దగ్గర ఎలాగూ ఒకటుంది కదా, దీన్నీ చూసుకో. ఆయనకి దీని నోరు పడట్లేదు" అంది.

"చిలుక నోరు పడకపోవడమేమిటే? తిడుతుందా?" అన్నాను.

"తిట్టదు. వాగుతుంది."

టీ పెడతానన్నా ఆగలేదు. ఆటో నిలబడి ఉందంటూ వెళ్లిపోయింది.

కొత్తదాన్ని ఎలా కలపాలో నాకు తెలియదు. పశువుల డాక్టరు గారిని అడిగాను. నెల రోజులు వేరే గదిలో ఉంచమన్నారు, రోగాలుంటే పాతదానికి అంటుకుంటాయట. ఆ తర్వాత పంజరాలు దూరంగా ఎదురెదురుగా పెట్టి, రోజుకు కాస్త దగ్గరికి జరుపుతూ, రెండింటికీ ఒకే వేళకు మేత పెట్టమన్నారు. తొందరపడితే పొడుచుకుని చస్తాయన్నారు. ఆ ఆఖరి మాట నా బుర్రలో కూర్చుంది. దేని దగ్గరికి వెళ్లొచ్చినా చేతులు కడుక్కున్నాను. చీర కూడా మార్చుకున్నాను. పనిపాటా లేని మనిషినని మా ఆయన విసుక్కున్నా మానలేదు.

కొత్తదాన్ని వెనక గదిలో పెట్టాను. బట్టల తానులు పెట్టుకునే గది అది. మా ఆయనకు తలుపు వేసే అలవాటు పుట్టుకతోనే లేదు. వీధిలో పిల్లులు తిరుగుతుంటాయి. అందుకని బయట తాళం వేసి తాళంచెవి నడుముకు దోపుకున్నాను. ఆ తాళమే ఇవాళ నా కొంప ముంచింది.

నేను గదిలో ఉన్నంతసేపూ కొత్తది నోరు విప్పేది కాదు. పంజరం మూలకు నక్కి ఈకలు ఉబ్బించుకుని చూసేది. వాగుడుకాయ అని ఇచ్చిపోయింది, ఇదేమో మూగది అనుకున్నాను. తలుపు మూశాక ఏదో గొణిగేది. కానీ నేను మిషన్ తొక్కుతూ ఉంటాను, ఆ చప్పుడులో పక్కమనిషి మాటే వినపడదు.

మూడో వారంలో పెద్దోడు మేత తగ్గించాడు. రొమ్ము మీద ఈకలు పీక్కున్నాడు. ఎప్పుడు చూసినా వెనక తలుపు వైపే చెవి. రోగం అంటుకుందేమోనని నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఒకరోజు కొట్టుకు వచ్చినామెతో, కొలతల మాట మానేసి, "ఇంక చెయ్యనండీ" అన్నాడు.

"అబ్బో, ఏం వెలగబెట్టావురా వెధవా?" అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నేను బాగా నవ్వాను. నవ్వానని రాయండి.

ఈ రోజు సాయంత్రం నాలుగున్నరకు బడి టీచరమ్మ తన బట్టలకోసం వచ్చింది. దారం అయిపోతే ఆమెను కూర్చోబెట్టి వీధి మలుపులో ఉన్న కొట్టుకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆమె లేదు. తాళం వేసిన గదిలో ఆడమనిషి ఏడుస్తోందని మీకు ఫోన్ చేసింది ఆమేనట. ఆమెను తప్పు పట్టను. విన్నది కాబట్టి చేసింది.

ఐదు గంటలకు మీ జీపు వచ్చింది. వీధంతా మా గుమ్మం ముందే. తాళం తీయమన్నారు, తీశాను. లోపల పంజరం, పంజరంలో చిలుక. ఎస్సై గారూ, మీరు నవ్వారు. మహిళా కానిస్టేబుల్ గారైతే పొట్ట పట్టుకుని నవ్వారు. ఏదీ, మాకూ వినిపించమని మీరే తలుపు వేయించారు. మిషన్ ఆగి ఉంది. కాసేపటికి చిలుక మొదలుపెట్టింది.

"ఏమండీ, తలుపు తియ్యండి. ఇంక చెయ్యనండీ. అక్కకి చెప్పను. ఒట్టు, అక్కకి చెప్పను."

భలే నటిస్తోందే అన్నారు మీరు. అది మా చెల్లెలి గొంతు. నేను చంకనేసుకుని పెంచిన పిల్ల, దాని గొంతు నాకు తెలియదా? ఆ వెంటనే చిలుక మగగొంతుతో "అక్కడే కూర్చో" అంది. గడియ పడ్డ చప్పుడు కూడా చేసింది. మా మరిది నెమ్మదస్థుడని పేరు. అదే నెమ్మది గొంతు.

ఎండలు మండిపోతున్నా చెల్లెలు తన జాకెట్లకు మణికట్టు దాకా చేతులు కుట్టమనేది. ఫ్యాషనే అక్కా అనేది. కుట్టింది నేనే. దాని చేతి కొలత తీసుకుంది కూడా నేనే, బట్ట మీదుగా.

మరిది ఆ చిలుకను పారేయమని ఉంటాడు. చెల్లెలు పారేయకుండా నా ఇంటికి తెచ్చింది. అక్కకు చెప్పనని ఒట్టు వేసింది కదా, అందుకే తన నోటితో చెప్పలేదు. చిలుకను తెచ్చి ఇచ్చింది. నేను దాన్ని గదిలో పెట్టి తాళం వేశాను.

మీ ముందే ఐదున్నరకు చెల్లెలికి ఫోన్ చేశాను. మరిది ఎత్తాడు. "పడుకుందండి" అన్నాడు. అది పగలు పడుకునే మనిషి కాదు. పది నిమిషాలు ఆగి మళ్లీ చేస్తే "స్నానం చేస్తోందండి" అన్నాడు. మూడోసారి ఫోన్ కట్టేసి ఉంది.

చిలుక మాట పట్టుకుని ఒకరి ఇంటి మీదికి ఎలా వెళ్తాం, రేపు పిలిచి మాట్లాడదాం అంటున్నారు. ఎస్సై గారూ, ఆడమనిషి ఏడుపు వినిపించిందని మా తలుపు మీదికి అరగంటలో వచ్చారు. ఆ ఏడుపు నిజమే. తలుపే వేరు. ఆ తలుపు దగ్గరికి వెళ్లండి.

నేను చెప్పింది చెప్పినట్టే రాసి నాకు చదివి వినిపించారు. ఇందులో అబద్ధం లేదు. సంతకం పెట్టమన్నారు. జీపు ఐసు ఫ్యాక్టరీ వైపు కదిలితేనే పెడతానన్నాను. ఆరూ యాభైకి నన్ను కూడా ఎక్కమన్నారు. జీపు అటే కదిలింది, అందులో కూర్చుని పెడుతున్నాను.

(టైలరమ్మ సంతకం)