ఊదా జట్టు

హలో… ఆ, నేనే. అక్కనే.

వినపడుతోంది, కాస్త గరగర ఉంది… రాళ్ళగుట్ట ఎక్కావా? ఇంకొంచెం పైకెక్కు… చూసుకుని ఎక్కరా, జారిపడితే నీ సెలవు ఆసుపత్రిలో గడుస్తుంది, ఆ దుప్పట్లూ నేనే ఉతకాలి.

ఆ… ఇప్పుడు బాగుంది.

పిల్లలా? పక్కగదిలో ఉన్నారు… తిన్నారు, తిన్నారు. ఇప్పుడే ఇవ్వనులే, ముందు నీతో మాట్లాడాలి… ఏం లేదు, ఒంట్లో బాగానే ఉంది ఇద్దరికీ. కాస్త ఆగు, తలుపు దగ్గరకి వేసి వస్తాను.

…ఆ. చెప్పు.

ఏడాదికి దొరికేదే ఒక్క నెల సెలవు, అది ఎప్పుడో ఈరోజే చెప్పాలా?… షిఫ్టు ఎక్కేలోపా? మీ మేస్త్రీకి ఎప్పుడూ కాళ్ళ కింద నిప్పులేనా… సరే సరే, ఆయన్ని అంటే నీకు పొడుచుకొస్తుంది. అననులే.

ఎండాకాలం సెలవులు ఎప్పటి నుంచి అంటే…

అది చెప్దామనే మూడు రోజులుగా ఫోన్ చేస్తున్నాను. నువ్వేమో ఎలకలా ఆ కొండ కడుపులో దూరి ఉంటావు.

ఒరేయ్, ఎండాకాలం సెలవుల్లేవు.

…తగ్గించడం కాదు. లేవు. ఆ మాటే తీసేశారు… నేనేం తమాషాకి అనడం లేదు. కూర్చున్నావా, నిలబడ్డావా?… అయితే ఓ రాయి చూసుకుని కూర్చో.

అవతలి వీధిలో బడి ఉంది చూడు, గోడలు బీటలిచ్చాయని దాన్ని మూసేశారు. ఆ పిల్లలందర్నీ తెచ్చి మన బడిలో కలిపారు. గదులు అవే, బెంచీలు అవే. కొన్నాళ్ళు మెట్ల మీద కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. ఇప్పుడో ఉపాయం కనిపెట్టారు. పిల్లల్ని మూడు జట్లు చేశారు. ఎరుపు, నీలం, పసుపు. ఎప్పుడు చూసినా రెండు జట్లు బడిలో ఉంటాయి, ఒకటి ఇంట్లో. నెలకో జట్టుకి సెలవు. ఇక ఏడాది పొడుగునా గానుగెద్దులా అలా తిరుగుతూనే ఉంటుంది.

…ఆ, వచ్చే నెల నుంచే. ఏప్రిల్ ఎరుపు, మే నీలం, జూన్ పసుపు. జూలైలో మళ్ళీ ఎరుపు… అంతే, సరిగ్గా చెప్పావు. నాకు అర్థం కావడానికి వారం పట్టింది. సొరంగంలో తెలివి పెరుగుతుందేమో.

నవ్వకు… నవ్వకురా. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

పెద్దది ఎరుపు. చిన్నది నీలం.

…హలో? ఉన్నావా?

…ఉన్నావు. ఊపిరి వినపడుతోంది.

పొరపాటేం కాదు… కవలలని తెలియకపోవడమేంటి, ఎవరు ఎవరో తెలియక ఒకదాన్ని తిట్టబోయి ఇంకోదాన్ని తిడుతుంది వాళ్ళ టీచరు. తెలుసు. కాకపోతే ఆ పని చేసేటప్పుడు ఎవరూ మొహాలు చూడలేదు. హాజరుపట్టీలో పై నుంచి కిందకి ఎరుపు, నీలం, పసుపు, మళ్ళీ ఎరుపు, నీలం, పసుపు అని వరసగా పెట్టుకుంటూ పోయారట. మన పిల్లల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఇంకేముంది. ఎక్కడో ఉన్నవాళ్ళు కలిశారు, పక్కపక్కన ఉన్నవాళ్ళు విడిపోయారు.

…వెళ్ళాను. వెళ్ళకుండా ఊరుకుంటానా? ఆసుపత్రి దుప్పట్లు గుట్టలా పడుంటే, మా ఇన్‌ఛార్జి కళ్ళెర్రజేస్తుంటే, పూట సెలవు పెట్టి మరీ వెళ్ళాను. ఆ ఆఫీసు కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తా… మంచివాడేరా. అదే నా బాధ. కసురుకుని ఉంటే నేనూ నాలుగు దులిపి వచ్చేదాన్ని. లోపలికి పిలిచి కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. "మీ ఒక్కరికి మారిస్తే రేపు ఈ కిటికీ దగ్గర ఊరంతా నిలబడుతుందమ్మా" అన్నాడు. అప్పటికే నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు.

మార్చుకోవడమా? అదీ అయింది. మన కింది వాటాలో కుట్టుపనావిడ ఉంది కదా, వాళ్ళ అబ్బాయిది ఎరుపు. పాపం, మీ చిన్నదాని కోసం మేం నీలానికి పోతాంలే అంది. ఇద్దరం చీర కొంగులు బిగించి వెళ్ళాం. జట్ల పట్టీ అప్పటికే పై ఆఫీసుకి వెళ్ళిపోయిందన్నారు. పై ఆఫీసుకి ఫోన్ చేస్తే బడిలో అడగమంటారు. బడిలో అడిగితే పై ఆఫీసంటారు. బంతిలా తిరిగాను. చివరికి, వచ్చే ఏడాది చూద్దాం అన్నారు.

…వాళ్ళకి పిల్లల్లేరా అంటే, ఎందుకు లేరు, ఉంటారు. జట్లు లేని బడిలో ఉంటారు.

ఏ నెల రాయమంటావు అని నన్నడుగుతావేంట్రా? తండ్రివి నువ్వు.

…అక్కనే, కాదన్నానా. కానీ నేను మాత్రం ఏమని చెప్పను? ఏప్రిల్‌లో వచ్చావనుకో, పెద్దదానికి సెలవు. చిన్నది పొద్దున్నే సంచి తగిలించుకుని బడికి పోవాలి, నువ్వూ పెద్దదీ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాలి. మేలో వస్తే అది తిరగబడుతుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

సగం సగమా? ఏప్రిల్ మధ్య నుంచి మే మధ్య దాకా… నాకూ అదే తోచింది… ఓహో. బస్సు ఒకటో తారీకునే కొండ దిగుతుందా. నీ బదులు సొరంగంలో నీళ్ళు తోడే పంపు చూసే మనిషి ఆ బస్సులోనే ఎక్కి రావాలి… సరే, అర్థమైంది. మధ్యలో కుదరదు.

బడి మానిపించాలంటే… నేను అడగలేదనుకున్నావా? మూడు రోజులు వరసగా రాకపోతే పేరు కొట్టేస్తామని టీచరు మొహం మీదే చెప్పేసింది. సీటు కోసం బయట కాచుకుని కూర్చున్నవాళ్ళున్నారట.

…ఆ. సముద్రం. నాకు గుర్తుంది, వాళ్ళకి గుర్తుండదా? పోయిన మేలో బస్సెక్కుతూ నువ్వన్న మాటేగా, వచ్చే ఎండాకాలం ఇద్దరికీ సముద్రం చూపిస్తానని. ఆ మాట పట్టుకునే ఏడాది గడిపారు. బకెట్టులో నీళ్ళు పోసి, అలలు ఎలా వస్తాయో చూద్దామని నా వంటిల్లంతా తడిపారు. పోయి రావడానికే నాలుగు రోజులు పట్టే చోటు, ఒకదాన్ని ఇక్కడ వదిలేసి ఇంకోదాన్ని ఎలా తీసుకెళ్తావు?… తీసుకెళ్ళలేవు. నాకు తెలుసు.

జట్ల సంగతి వాళ్ళకి తెలుసు. మెడలో రంగు బిళ్ళలు వేశారు కదా. మొదటి రోజు పెద్దది గంతులేసింది, సెలవు తనకే ముందొచ్చిందని. ఐదు నిమిషాలు ముందు పుట్టిన గర్వం ఎక్కడికి పోతుంది. తర్వాత చెల్లి మొహం చూసింది. ఇక గంతుల్లేవు. చిన్నదాని సంగతి నీకు తెలుసుగా, దాని మాటలన్నీ పెద్దదే మాట్లాడుతుంది. చెల్లికి దాహంగా ఉందట, చెల్లికి ఈ జడ వద్దట. ఆ పెద్దది పక్కన లేని నెల, అది బడిలో నోరు తెరిచి ఏదైనా అడుగుతుందా? కడుపునొప్పి వచ్చినా చెప్పదు.

మొన్నేం చేసిందో తెలుసా… తన నీలం బిళ్ళ మీద ఎర్ర సిరా పూసింది. ఎరుపైపోతుందనుకుంది. అది కాస్తా ఊదా రంగయింది. దాన్ని చూసి పెద్దది వెళ్ళి తన ఎర్ర బిళ్ళ మీద నీలం సిరా పూసుకుంది. ఇప్పుడు ఇద్దరివీ ఊదాయే. ఊదా జట్టంటూ లేదే తల్లీ అన్నాను. "ఉందత్తా, ఇద్దరం ఉన్నాం" అంది పెద్దది.

…ఊఁ.

టీచరు కొత్త బిళ్ళలు పంపింది. సొరుగులో ఉన్నాయి. పాతవన్నా శుభ్రం చేద్దామని తీసుకుని కూర్చున్నాను. ఆసుపత్రి దుప్పట్ల మీద ఎలాంటి మరకలైనా వదలగొట్టేదాన్ని, ఆ సిరా వదలగొట్టడానికి చేతులు రాలేదురా.

వాళ్ళమ్మ ఉంటే… వద్దులే. ఆ మాట మొదలుపెట్టామంటే ఇద్దరం ఏడుస్తాం.

నా సంగతా? ఇద్దరుంటే లోపల గడియ వేసుకుని ఆడుకునేవాళ్ళు, నేను పనికి పోయేదాన్ని. ఒక్కదాన్నే ఎలా వదలను? లాండ్రీకి తీసుకుపోతాను, ఆవిరి గది బయట ఓ స్టూలు వేసి కూర్చోబెడతాను. ఇన్‌ఛార్జి ఏమంటే అది పడతాను. అదంతా నేను చూసుకుంటాలే, నువ్వు నీ నెల చెప్పు.

పిల్లల్నే అడగాలా?… వద్దు. అడిగాననుకో, పెద్దది చెల్లి నెలకే రమ్మంటుంది. చిన్నది వద్దని తల ఊపుతుంది. తర్వాత ఇద్దరూ చెరో మూలా కూర్చుంటారు. నాన్న ఎవరికి కావాలో తేల్చుకోమని ఏడేళ్ళ పిల్లల్ని అడుగుతామా?

బొమ్మా బొరుసా వేస్తావా? నీ దుంపతెగ…

…సరే. నువ్వు మాత్రం ఏం చేస్తావులే.

…

ఏడుస్తున్నావా?… గాలా. సరే, గాలే.

ఏంటి? మళ్ళీ చెప్పు… డిసెంబరా? డిసెంబరు ఎవరిదో ఆగు, లెక్కపెట్టనీ… అక్టోబరు ఎరుపు, నవంబరు నీలం… డిసెంబరు పసుపురా. అప్పుడు మనవాళ్ళిద్దరికీ బడి ఉంటుంది.

…ఓ.

ఇద్దరికీ బడి ఉంటుందనేనా.

అలాగైతే జూన్ కూడా పసుపేగా, జూన్‌లోనే రా… వానలు. అవును, సొరంగంలోకి నీళ్ళు దిగుతాయి, నువ్వు పంపు వదలడానికి లేదు. నవంబరు దాకా ఎవర్నీ కదలనివ్వరు… ఊఁ.

ఒరేయ్, తొమ్మిది నెలలురా. తొమ్మిది నెలల్లో ఇంకో పిల్లని కని చేతికివ్వొచ్చు. ఇద్దరికీ ముందు పళ్ళు ఊడాయి, నవ్వుతుంటే ముసలమ్మల్లా ఉన్నారు. నువ్వొచ్చేసరికి కొత్తవి వచ్చేస్తాయి. ఈ బోసినోళ్ళు నువ్వు చూడనే చూడవు.

…సరే, వచ్చి ఏం చేస్తావు?… పొద్దున బడికి దింపుతావు… ఇద్దర్నీ. ఆ, చెరో చెయ్యీ పట్టుకుని… మధ్యాహ్నం?… గేటు బయట కూర్చుంటావా… సాయంత్రం మళ్ళీ నువ్వే తీసుకొస్తావు.

సెలవు పెట్టి వచ్చి నువ్వూ బడికి పోతావన్నమాట. చిన్నప్పుడు నిన్ను ఆ గేటు దాకా ఈడ్చుకెళ్ళలేక నా రెక్కలు పడిపోయేవి.

…సముద్రం మరి?

…లేదు. సరే. నేనేం అనలేదులే.

నేను ఒప్పుకోవడమేంట్రా. వద్దనడానికి నా దగ్గర ఇంకో దారి ఉంటే అనేదాన్ని. ఎటు తిప్పినా ఇంతే. రాయించుకో. డిసెంబరే రాయించుకో.

…ఎవరు చెప్పాలి?

నేనా?… వద్దురా, నువ్వే చెప్పు. తండ్రి నోటితో వింటే వేరు. పిలుస్తాను ఉండు, ఇదిగో ఇప్పుడే ఇస్తాను… సైరనా అది?… ఒక్క నిమిషం ఆగమను మీ మేస్త్రీని, కొండేమీ పారిపోదు… పరిగెత్తకు, రాళ్ళు… ఒరేయ్, నేనేమని చెప్పను వాళ్ళకి? నాకు…

హలో…

హలో…

పోయింది.

…రండి. తలుపు సందులోంచి నాలుగు పాదాలు కనపడుతూనే ఉన్నాయి. ఇద్దరూ రండి.

ఆ, నాన్నే.

వస్తాడు… ఆ, ఇద్దరి కోసమూ వస్తాడు. ఊదా జట్టు కోసం.

…

నువ్వా అడిగింది? అక్క కాదు, నువ్వేనా చిన్నతల్లీ?… ఎప్పుడా?

…ముందు ఇలా వచ్చి కూర్చోండి.