గడప బయట ఓబుళేశు

కడపలో ఒక ఇల్లు. సంజె ఏడు గంటలు. గడప లోపల నాగలక్ష్మమ్మ, కూతురు యామిని. గడప బయట ఓబుళేశు.

“ఈ దోమల బ్యాటుకు చార్జింగ్ ఎవరు పెట్టల్ల? నేనే పెట్టల్ల. దోమల్ని ఎవరు కొట్టల్ల? నేనే కొట్టల్ల. యామినీ, ఆ తలుపన్నా ముయ్యి.”

“మూస్తే ఓబుళేశు మొగానికి తగుల్తాది మా.”

“తొమ్మిది దినాల నుంచి వస్తాండాడు. తగలకుండా యాడ నిలబడల్లో తెలీదా?”

“తెలుసత్తా. జరుగుతా.”

“అత్తా అనొద్దప్పా. ఇంకా ఏం కాలా.”

“అట్లే ఆంటీ.”

“ఆంటీ అని అసలే అనొద్దు. నీ వయసెంత?”

“ఈ ఉగాదికి మూడునూర్ల పన్నెండు.”

“చూడు యామినీ. మూడునూర్లోడు నన్ను ఆంటీ అంటాడు.”

“మా, రేపు పొద్దున కర్నూలోళ్ళు నన్ను చూసుకోను వస్తాండారు. ఆలోగా ఈయన లోపలికి రావల్ల. ఇంటి మనిషి ‘రా’ అనందే వీళ్ళు గడప దాటల్యారు. ఒక్క మాట అను.”

“నువ్వే అనరాదా?”

“ఇల్లు ఎవరి పేరు మీదుంటే వాళ్ళే అనల్లంట.”

“మీ నాయన బ్యాంకోళ్ళకు భయపడి నా పేరు మీద పెట్టినాడు. ఇప్పుడు చూడు. ‘వాణ్ణి లోపలికి రమ్మన్నావంటే ఈ ఇంట్లో అన్నం ముట్టను’ అంటాండాడు. ఆ మనిషి ఒక పూట హోటల్లో తింటే మూడు దినాలు కడుపు సరిగుండదు. మళ్ళా జావ ఎవరు కాయల్ల? నేనే కాయల్ల.”

“నాయనకు ఈయన మింద ఏం కోపం?”

“పిశాచికి పిల్లనిస్తే నలుగురూ ఏమంటారని.”

“పిశాచి కాదు మా. వ్యాంపైర్.”

“మీ పెద్దమ్మ కూడా అంతే. అల్లుడు హోటల్లో వంట చేస్తాడు. షెఫ్ అంటాది.”

“ఉద్యోగముండాది కదా. తుమ్మలపల్లె గనిలో, భూమి లోపల డ్యూటీ. ఎండ తగలదు.”

“పర్మనెంటేనా?”

“మనిషే పర్మనెంటు మా.”

“ఏమప్పా, పెన్షను ఉండాదా?”

“ఉండాదత్తా. సచ్చేదాకా ఇస్తారు.”

“సచ్చేదాకా.”

“అవునత్తా.”

“అంటే ఆపనే ఆపరు. యామినీ, ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలా?”

“నువ్వు నెత్తురు అనంగానే చెవులు మూసుకుంటివి.”

“మూసుకోనా మరి? యాడ తెచ్చుకుంటాడు?”

“ఎవర్నీ కొరకడు. నేను పనిచేసే బ్లడ్ బ్యాంకులో డేటు అయిపోయి పారేసే ప్యాకెట్లు. అట్లే కదా పరిచయమయ్యింది. ఆడికొచ్చేటోళ్ళంతా ఎవరో ఒక లీడరు చేత ఫోను చేయించుకోని వస్తారు. ఈయనొక్కడే లైన్లో నిలబడినాడు. వెనక ముసలాయనొస్తే తన జాగా కూడా ఇచ్చినాడు.”

“ఆయన నాకంటే రెండునూర్ల నలభై ఏండ్లు చిన్నోడత్తా. పాపం అనిపించింది.”

“డేటు అయిపోయినవి పారెయ్యకుండా తాగుతాడా?”

“చుక్క మిగల్చడు మా.”

“మీ నాయన రోజూ ముద్ద మిగిలిస్తాడు. చెప్తే వినడు. అదుండనీ. ఈయప్ప ఫోటోలో పడడంట కదా. పెండ్లి ఆల్బంలో నా బిడ్డ ఒక్కతే దండేసుకోని నిలబడల్నా? ఆధార్ కార్డులో ఎట్ల పడినావప్పా?”

“పడలేదత్తా. ఎవరూ కనుక్కోలేదు. అందరివీ అట్లే ఉండాయి.”

“ఆ బ్యాటు ఇట్లియ్యి యామినీ. దోమలన్నీ నన్నే కుడతాండాయి. ఈయన్ని ఒక్కటీ కుట్టదేం?”

“పెద్దోళ్ళ ముందర తినవత్తా. మర్యాద.”

“మాటలు బాగానే నేర్చినావు. ఒకటి అడుగుతా, దీనికి నవ్వకుండా చెప్పు. నా బిడ్డ ముసల్దయితాది. మోకాళ్ళు పట్టుకుంటాయి, నా మాదిరి. నువ్వు ఇట్లే ఉంటావు. అప్పుడు?”

“అప్పుడూ అడుగుతాది కదత్తా.”

“ఏమని?”

“తింటివా అని. నేను అన్నం తిననని తెలుసు. అయినా రోజూ ఫోను చేసి తింటివా అంటాది. మూడునూర్లేండ్లలో ఇంకెవరూ అడగలేదత్తా.”

“మా, ఏడుస్తాండావా?”

“కాయిల్ పొగ.”

“కాయిల్ ముట్టించనే లేదు కదా.”

“మెల్లగ మాట్లాడు. మీ నాయన టీవీ సౌండు తగ్గించినాడు, ఇంటాండాడు. ఏమప్పా, శానా పొద్దయింది. ఇంక నువ్వు బయల్దేరు.”

“మా, ఒక్క మాట.”

“అనను. ఆయనకు మాటిచ్చినా.”

“పోనీలే యామినీ. పోతాండా అత్తా.”

“ఏంది?”

“పోతాండా.”

“దీపాలు పెట్టే యాళకు, గడప ముందర నిలబడి, పోతాండా అంటారా ఎవరన్నా? మూడునూర్లేండ్లొచ్చినాయి. ఆమాత్రం నేర్పలేదా మీ అమ్మ? వస్తా అనల్ల.”

“వస్తా అత్తా.”

“ఆఁ. పోయి రా నాయనా.”

“మా.”

“ఏంది?”

“ఏమన్యావు ఇప్పుడు?”

“ఏమన్యా? పాలోనికీ చెప్తా, పేపరోనికీ చెప్తా. పోయేటోణ్ణి పో అంటామా?”

“‘రా’ అన్యావు.”

“అత్తా, కాలు... కాలు పడతాండాది లోపల.”

“చెప్పులు ఇడువప్పా ముందు. ఇప్పుడే తుడిచినా. ఏమయ్యో, టీవీ కాడ ఆయన, నువ్వు లెయ్యొద్దు. నేను రమ్మన్లా. పోయి రమ్మన్యా. నీ అన్నానికేం అడ్డం లేదు.”

“మా, నిజం చెప్పు. నోరు జారినావా?”

“తొమ్మిది దినాల నుంచి కాసుకోనుండా. ఈయప్ప చెప్పకుండా చెయ్యకుండా దొంగ మాదిరి మాయమయితాడు. ఒక్కనాడన్నా ‘పోతాండా’ అంటే కదా నేను సాగనంపేది? కూర్చో నాయనా. ఎర్రకారం దోశ పోస్తా.”

“మా, ఎర్రకారంలో వెల్లుల్లి, అదే తెల్లగడ్డ, ఉంటాది. తెల్లగడ్డ తగిలితే ఈయన నిజంగానే పోతాడు.”

“అయితే తెల్లగడ్డ ల్యాకుండా నూరల్నా?”

“పెండ్లిలో కూడా.”

“పెండ్లిలో కూడానా? వెయ్యి మందికి? ఆ పక్కింటి కృష్ణవేణమ్మ ముందర?”

“పర్వాలేదత్తా, ఒక్క దోశ కదా, తింటా. మీరు బాధపడొద్దు.”

“నువ్వు నోరు ముయ్యప్పా, సస్తావు. ఇది చదివే అమ్మల్లారా, మీకు దండం పెడతా.”

“ఎవరితో మాట్లాడ్తాండావు మా?”

“నువ్వుండు. అమ్మా, అల్లుడు నెత్తురు తాగితే నేను సర్దుకుంటా. తెల్లగడ్డ ల్యాకుండా ఎర్రకారం ఎట్ల నూరల్లో మాత్రం నాకు తెలీదు. మీకెవరికన్నా తెలిస్తే పొద్దునలోగా చెప్పండి. మొదటి వాయ ఆ కర్నూలోళ్ళకే పెడతా. బాగలేకుంటే వాళ్ళే లేచి పోతారు, పోయి రాండి అని కూడా అనను.”