వార్తలు అయిపోయిన మంగళవారం

స్టాఫ్ రూములో భూగోళం మాస్టారు గొంతు సవరించుకున్నారంటే, దిద్దాల్సిన నోటుపుస్తకాలు ఇక ఆ పూటకి దిద్దినట్టే. లెక్కల టీచరు ఎర్ర పెన్ను మూసేసింది. డ్రిల్లు మాస్టారు మెడలోని విజిల్ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తలుపు దగ్గర పాత పుస్తకాలకు అట్టలు వేస్తున్న లైబ్రరీ మేడమ్ మాత్రం గోడ గడియారం వంక చూసింది. మూడు కావడానికి ఇంకా పాతిక నిమిషాలున్నాయి.

వచ్చే వారం నుంచి బడిలో ‘నేటి ప్రపంచం’ అని కొత్త పీరియడ్ పెడుతున్నారు. అది కావాలనుకున్నవాళ్ళు ఈ రోజు మూడింటిలోగా హెడ్‌మిస్ట్రెస్ గదిలో పేరు రాయాలి. పొద్దున ఆమె చూసి వచ్చింది. మాస్టారి పేరు లేదు. ఎవరూ రాయకపోతే దాన్ని లెక్కల టీచరుకి అంటగడతారట. ఆ పీరియడ్ కోసం ఆయన ఎంత తపించిపోతున్నారో ఆమెకు తెలుసు. ఎప్పుడో రెండుగా చీలిన దేశాన్ని ఒకటిగానే చెబుతుంటే మొదటి బెంచీ పిల్ల లేచి సరిదిద్దింది. ఆనాటి నుంచి పిల్లలకు ఆయన ‘పాత అట్లాసు’. ఆ పేరు వదిలించుకోవాలనే నెల కిందట ఆమె చేత ఫోనులో ఫీడ్ రీడర్ పెట్టించుకున్నారు. మనం ఎంచుకున్న వెబ్‌సైట్లలో కొత్తగా ఏది వచ్చినా ఒక్కచోట వరసగా తెచ్చిపెట్టే యాప్ అది. బడి నోటీసులు కూడా అందులోకే వచ్చేలా చేసిందామె. చదివే ఉంటారు, తీరుబడిగా వెళతారు అనుకుంది.

“మొదట్లో అంతా మామూలేనయ్యా,” మాస్టారు మొదలుపెట్టారు. “పొద్దున్నే లేచి రోజుకో పది ముక్కలు చదివేవాణ్ణి. ఎక్కడో అగ్నిపర్వతం పొగ కక్కిందని పేపర్లో రాకముందే పదో తరగతికి చెప్పాను. పిల్లలు నోళ్ళు తెరిచారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది బాబాయ్?” అన్నాడు డ్రిల్లు మాస్టారు. బాబాయిని ఎక్కించడంలో అతని తర్వాతే ఎవరైనా.

“చెయ్యి తిరిగింది! పది కాస్తా వందయింది, వంద కాస్తా ఎనిమిది వందలయింది. మీ పిన్ని పొయ్యి మీద పాలు పెడుతుంది, అవి పొంగేలోపు ఎనిమిది వందలూ చదివి అవతల పారేస్తాను. ఐదంటే ఐదు నిమిషాలు.”

“సెకనుకి రెండున్నర పైమాటే,” అంది లెక్కల టీచరు.

“లెక్కలకి అందేది కాదమ్మా ఇది, సాధన! మొన్న మంగళవారం సంగతి వినండి. మంచి ఊపు మీదున్నాను. చదువుతున్నా, చదువుతున్నా, తొమ్మిదయ్యేసరికి తెర ఖాళీ. ప్రపంచంలో వార్తలు అయిపోయాయి!”

“అయిపోవడమేంటి మాస్టారూ?” అంది లెక్కల టీచరు.

“అయిపోవడమంటే అయిపోవడమే! డబ్బా అడుగు కనపడింది. టీవీలో ఆ అమ్మాయి నోరు తెరిచి, చెప్పడానికేం లేక మళ్ళీ మూసుకుంది. పేపరువాళ్ళు తెల్లకాగితాలు అచ్చేశారు. ఆఖరికి వాళ్ళే ఫోను చేశారు. ‘మాస్టారూ, మీకు దణ్ణం పెడతాం, కాస్త మెల్లిగా చదవండి, రాసేవాళ్ళ వేళ్ళు వాచిపోతున్నాయి’ అని ఒకటే ఏడుపు. జాలేసింది. సరేలెమ్మని పెరట్లోకి వెళ్ళి గట్టిగా ఒక తుమ్ము తుమ్మాను. అంతే! సముద్రంలో కొత్త దీవి లేచింది. బుధవారానికి సరిపడా వార్తలు!”

డ్రిల్లు మాస్టారు టీ మింగలేక, కక్కలేక బల్ల పట్టుకున్నాడు. “మరి గురువారానికో?”

“అక్కడికే వస్తున్నా. ఇవాళ్టివి అయిపోతే ఏం చేస్తాం? రేపటివి చదువుతున్నా! రేపు ‘నేటి ప్రపంచం’ ఎవరికిచ్చారో కూడా చదివేశాను. నాకే!”

ఆ మాట దగ్గర ఆయన గొంతు కొంచెం మెత్తబడింది. అదొక్కటి కోత కాదు, కోరిక. లైబ్రరీ మేడమ్ చేతిలోని అట్ట పక్కన పెట్టింది.

“మాస్టారూ, ఎనిమిది వందలూ ఎలా చదువుతారో ఒక్కసారి చూపిస్తారా?”

“ఓ, దానికేం భాగ్యం!” ఫోను తీసి, బొటనవేలు గాల్లో రెండుసార్లు తిప్పి, తెర పైనున్న మీట నొక్కారు. వరస మొత్తం మాయమైంది. “చూశావా? ఒక్క దెబ్బ!”

ఆమె ఆ మీట మీది అక్షరాలు చదివింది: ‘అన్నీ చదివినట్టు గుర్తించు’. గడియారం మూడుకి నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

“మాస్టారూ, మీరు చదివింది రేపటి సంగతి. ఇవాళ్టి నోటీసు మాత్రం ఈ మీటతో పోయింది. మూడింటిలోగా పేరు రాయకపోతే ఆ పీరియడ్ లెక్కల టీచరుగారికి పోతుంది.”

మాస్టారి ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. “రాయాలా?” అన్నారు. మరుక్షణం కుర్చీ వెనక్కి పడింది. మాటలు కోటలు దాటినా కాలు గడప దాటదని ఆయన్ని అందరూ ఆడిపోసుకునేవారు. ఆ రోజు గడపే కాదు, వరండాలో పెట్టిన తుడుపుగుడ్డల బకెట్టు కూడా ఒక్క అంగలో దాటారు. డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదుతూ వెనకాలే పరిగెత్తాడు. “రాసేయండి మాస్టారూ, నాకు లెక్కలే చాలు!” అని కేకేసింది లెక్కల టీచరు, కిటికీలోంచి.

మూడు గంటలు కొట్టాక తిరిగొచ్చారు, వేలికి సిరా, ఒంటినిండా చెమట. “రాశాను! నేను పరిగెత్తిన వేగానికి గోడమీది పటాలన్నీ...”

“కూర్చోండి ముందు,” అని లైబ్రరీ మేడమ్ ఆ పోయిన వరసను వెనక్కి తెచ్చి ఫోను చేతికిచ్చింది. “ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి చదవండి.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, సముద్రం అడుగున కొండల్ని ఎలా కొలుస్తారో మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ గదిలో ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదలు. తలెత్తేసరికి కళ్ళు మెరుస్తున్నాయి. చూస్తున్న ఆమెకూ సంతోషమేసింది.

“అమ్మాయ్! దీని లోపల ఇంత సరుకుందా? నెల రోజులైంది, ఒక్కమాట చెప్పొద్దూ?”

“చెప్పే సందు మీరెప్పుడిచ్చారు మాస్టారూ?” అందామె.