పసుపు మరక మీద కారు

"నానమ్మా, ఫోన్‌ల రికార్డు షురూ చేసిన. ఇగ ఆ పార్కింగ్ బాయి సంగతి మొదట్నుంచి చెప్పు."

చెప్తా బిడ్డా. అందుకే గద నిన్ను కూసోబెట్టిన. ఈ మధ్య పొయ్యి మీద పాలు పెట్టింది మరుస్తున్న. మొన్న పక్క ఫ్లాట్ పిల్లను పట్టుకొని నీ పేరుతోటి పిలిచిన. ఇది సుత నా బుర్రల నుంచి పోతే చెప్పేటోళ్ళు ఎవరు? ఆ ఫ్యాన్ జెర తగ్గియ్యి, నా మాట సరిగ్గ పడాలె.

నేను అల్వాల్ నుంచి ఈ రాంగోపాల్‌పేట్‌కు కోడలుగ వచ్చిన నాడు ఇక్కడ అపార్ట్‌మెంట్ యాడుంది? పెంకుటిల్లు, ఎనుక వాకిలి, ఆ వాకిట్ల బాయి. ఎంత ఎండలైనా బొక్కెన నిండకుండ పైకొచ్చింది లేదు. మీ తాత చెల్లె మౌలాలి రైల్వే క్వార్టర్ల ఉండేది. పుట్టింటికొస్తే తిరిగి పోయేటప్పుడు డబ్బా నిండ మా బాయి నీళ్ళు నింపుకొని బస్సెక్కేది. కండక్టర్ "ఏందమ్మా, గ్యాస్ నూనెనా, స్టవ్‌కా?" అంటే, "కాదు, మా అమ్మగారింటి నీళ్ళు" అన్నదంట. బస్సంత నవ్విన్రంట. ఆమెకు నీళ్ళ రుచి తెలుసు. చాయ్ మాత్రం పెట్టరాకపోయేది. ఏం చెప్తున్న నేను? ఆఁ, బాయి.

మీ నాయిన పుట్టినంక మా అత్త నన్ను ఆ బాయి కాడికి తీస్కపోయింది. నీకు తెలుసు గద, పురుడు ఎల్లినంక బాలెంత బాయికి పసుపు కుంకుమ పెట్టి, దీపం ముట్టించి, తన చేత్తోటి మొదటి బొక్కెన తోడాలె. ఇల్లు బిల్డర్‌కు ఇచ్చినప్పుడు ఆ బాయి మీద సిమెంటు మూత పడ్డది. నల్లా ఉంది, బోరుంది, ఇంక బాయెందుకు అన్నరు. అయినా మన బిల్డింగ్ల ఎవరు కన్నా ఆడోళ్ళు నా దగ్గరికే వచ్చేటోళ్ళు, పూజ యాడ చెయ్యాలె పెద్దమ్మా అని. పార్కింగ్ల ఆ మూత చూపించేదాన్ని. దాని మీదనే పసుపు, దాని మీదనే దీపం. మూడో అంతస్తు శిరీషకు ఉగాది ముందు నేనే దగ్గరుండి చేయించిన. చంటిదాన్ని నా ఒళ్ళనే పడుకోబెట్టుకున్న.

నేను బడికి పోలే. కిరాణా పొట్లాల మీది అక్షరాలు కూడబలుక్కొని చదువు నేర్చుకున్నదాన్ని. ఇప్పుడు పేపర్ ఒక్క మూల ఇడువను. యాడనో సముద్రం అవతల పెద్ద పెద్ద పట్నాలల్ల నల్లాలు ఎండినయంట, జనం బిందెలు పట్టుకొని లైన్ల నిలబడ్డరంట అని చదివి, అయ్యో పాపం అనుకొని పేజీ తిప్పేదాన్ని. ఆ వార్త మన మెట్లెక్కి పైకొస్తదని నాకేం తెలుసు?

ఈ ఎండకాలం బోరు నీళ్ళు తగ్గినయి. వచ్చిన కాడికి వాసన. అసోసియేషనోళ్ళు మీటింగ్ పెట్టిన్రు. నీళ్ళు లేవని మాట్లాడెటందుకు మనిషికొక నీళ్ళ సీసా, సమోసా! లిఫ్ట్‌ల కాయితం అంటించిన్రు, నీటిబొట్టు బొమ్మేసి, పొదుపు చెయ్యుండ్రని. ఫోన్ల ఒక గ్రూపు పెట్టిన్రు. దాంట్ల పొద్దుగాల లేస్తే నీళ్ళ ముచ్చట తప్ప అన్నీ వస్తయంట. ఆఖరికి పార్కింగ్ల ఇంకుడు గుంత తవ్వుదమన్నరు.

నేనన్న, "కొత్తది తవ్వుడెందుకు? బాయి ఉండనే ఉంది. మూత తియ్యుండ్రి, వాన నీళ్ళు దాంట్లకు మలపుండ్రి." సెక్రటరీ భాస్కర్రావు గుంటూరాయన, మంచి మర్యాద. "భలే ఐడియా ఇచ్చారండీ మామ్మగారూ" అన్నడు.

కూలీలు గడ్డపారతోటి మూత లేపిన్రు. బిడ్డా, ఆ వాసనకు నేను రెండడుగులు ఎనక్కి పోయిన. కొంగు ముక్కుకు పెట్టుకొని తొంగి చూస్తే, గోడల నుంచి ఇంత లావు పైపు. దాంట్లకెళ్ళి మోరీల మురికి నీళ్ళు బడబడ పడుతున్నయి బాయిల. ఆ బిల్డర్‌కు వీధి మోరీ దాక పైపు ఎయ్యబుద్ధి కాలే, మన బాయిలకే ఇడిచిండు! బాయి పక్కన్నే బోరు. ఆ బోరు నీళ్ళే సంపులకొచ్చుడు. వాటితోనే మనం నోరు కడుక్కున్నం. పిల్లలకు తానాలు పోసినం. ఆ పైననే, ఆ మూత మీదనే, నేను దీపం పెట్టించిన.  ఆడనే నేల మీద కూసున్న.

ఇది కాదు బిడ్డా అసలు సంగతి. తెల్లారి వాళ్ళు మూత మళ్ళ పెట్టిన్రు. దాని మీద సెక్రటరీ తన తెల్లకారు పెట్టిండు. "మెల్లగా పైపు మనమే మార్పించేద్దామండీ. బయటికి తెలిస్తే ఫ్లాట్లు ఎవరు కొంటారు? అద్దెకున్నవాళ్ళు కూడా వెళ్ళిపోతారు. మీకు గుర్తులేదనండి, చాలు" అన్నడు. నేను మీ నాయిన దిక్కు చూసిన. కమిటీల ఉన్నడు గద. నా కొడుకు నా మొకం చూడకుండ, "అమ్మా, ఎట్లాగో అన్నీ మరుస్తున్నవు గద. గిది సుత మరిచిపో" అన్నడు.

దేన్ని చూసి భయపడి రోజు నిద్ర లేస్తున్ననో, దాన్నే చెయ్యమన్నడు నా కొడుకు.

నేను నోరు మూసుకున్న గని మరువలే. తానం చేసేటప్పుడు, బియ్యం ఏరేటప్పుడు లోపల అనుకునేదాన్ని: బాయి ఉంది, పార్కింగ్ల ఉంది, దాంట్ల పైపుంది. వాళ్ళు పైపు మార్చలే. గింతల శిరీష పిల్లకు వాంతులు, విరేచనాలు, దవాఖాన్ల పెట్టిన్రు. శిరీష నీళ్ళ ఆఫీసుకు కంప్లెయింటిచ్చింది. ఒక మేడం వచ్చింది, పార్కింగ్ల అందరినీ నిలబెట్టి, "ఇక్కడ పాత బావి ఏమన్నా ఉండెనా?" అనడిగింది.

"లేదండీ" అన్నడు సెక్రటరీ. నేను ముందుకొచ్చిన. ఆయన నవ్విండు. "మామ్మగారికి ఈమధ్య మతిమరుపండీ."

మేడం నా దిక్కు తిరిగింది. "చెప్పమ్మా, యాడుంది?" నా బుర్ర ఖాళీ అయింది బిడ్డా. దేవుడి మీద ఒట్టు. అన్ని కార్లు ఒక్కతీరుగ కనపడుతున్నయి. ఏ మూల? ఎటు? రోజు అనుకున్న మాటలు ఒక్కటి లేదు. నా కొడుకు తల వంచుకుండు. అయిపోయింది, వాళ్ళన్నదే నిజమైంది, నేనింక పనికిరాను అనుకున్న.

అప్పుడు చూసిన. తెల్లకారు ముందు టైరు పక్కన, నేల మీద పసుపు. శిరీష పూజల నేను అద్దిన పసుపే. కారు పెట్టిన్రు గని కడగలే. మగోళ్ళ బుద్ధికి మరక తట్టుతదా? వంగి ఏలు పెట్టి చూపించిన. "కారు తీయించు మేడం. బాలెంతలతోటి నేను దీపం పెట్టించిన బాయి దీని కిందనే ఉంది."

 భాస్కర్రావు తాళంచెవులు తెచ్చుడు కంటె ముందు, మీ నాయిన కారును చేతులతోటి నూకుడు షురూ చేసిండు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

పైపు వీధి మోరీకి కలిపిన్రు. బోరు బంద్ పెట్టిన్రు. బాయిల బురద ఇంక తీస్తనే ఉన్నరు. శిరీష పిల్ల మంచిగుంది, నిన్న నా కండ్లద్దాలు పీకింది. ఇగో, గేటు కాడ కొత్త ఫ్లెక్సీ చూసినవా? "మన బావిని మనమే కాపాడుకున్నాం" అని, నడుమ భాస్కర్రావు ఫోటో! నేను చదివి, అద్దాలు తుడుచుకొని మల్ల చదివిన. "మామ్మగారూ, బాగుందాండీ?" అనడిగిండు సుత. ఇంక ఏమంటవు?

ఇగ నీకు పురిటి నెల దగ్గర పడ్డది. ఆ నీళ్ళు నోట్ల పోసుకునెటట్టు ఎప్పుడైతయో తెల్వది. నువ్వు మాత్రం మూత మీద పూజ చెయ్యకు బిడ్డా. మూత తీయించి, లోపలికి తొంగి చూసి, మంచిగుందంటేనే పసుపు పెట్టు. దీపం ఎడమ దిక్కు, బొక్కెన కుడిచేత్తోటి... లేదు, ముందు కుంకుమనా? అగో, చూసినవా... సరే, ఏది ముందైనా గంగమ్మ ఏమనుకోదు. నువ్వు, నీ కడుపుల బిడ్డ సల్లగుండాలె, నిండు బొక్కెనలెక్క. ఆ ఫోన్ మీ నాయినకు సుత ఇనిపియ్యి. ఆయన ఇనంగ నేను పక్కన్నే కూసుంట.