గుడి దర్వాజ ఏ దిక్కు

తాండూరులో బండల పాలిష్ మిషన్లు ఆగిపోయిన సాయంత్రం. ఇంట్లో తల్లి మొగులమ్మ, డిగ్రీ చదువుతున్న కూతురు నిరోష.

"నిరోషా, మీ అన్నకు కళ్లద్దాలు తీసి పెట్టెల పెట్టుమని రాయ్. జల్ది రాయ్ బిడ్డా."

"ఎందుకే అమ్మా?"

"గా కంబోడియాల కళ్లద్దాలు పెట్టుకున్నోళ్లను చంపుతరట. సదువుకున్నోళ్లని గుర్తువట్టి."

"ఎవలు చెప్పిన్రు?"

"ఫోనే చెప్పింది. మైకు గుర్తు ఒత్తి, మా నిఖిల్ కొలువుకు పోయిన కంబోడియా సంగతి చెప్పు అన్న. వీడియోల ఒకాయన తెలుగులనే చెప్పిండు."

"అయ్యో! గది నువ్వు పుట్టిననాటి సంగతి. పోల్ పాట్ అని ఆడ ఏలినోడు ఒకడుండె. సచ్చిండు వాడు."

"సచ్చిండా? నిజంగ?"

"సచ్చి శానేండ్లాయె."

"గా ముచ్చట వచ్చేదాక సూడలే. ఏడుపొచ్చి బంద్ జేసిన."

"మంచియి సూడొచ్చు గదా. ఏడో జయవర్మ అని ఎనకట ఆడ ఏలిన ఖ్మేర్ రాజు, దవాఖానలు కట్టిచ్చిండు. తొవ్వ పొంటి సత్రాలు గూడ."

"పేర్లన్ని మన పేర్ల లెక్కనే ఉన్నయే."

"సంస్కృతం పేర్లు. రాళ్ల మీద శాసనాలు గూడ ఉన్నయి."

"మన పేర్లు పెట్టుకున్నోళ్లు మన పిలగానికి చెడు జేస్తరా... ఏమో! వాన్ని పంపిన ఏజెంటుది గూడ దేవుని పేరే. ఫోన్ ఎత్తడు."

"పరేషాన్ గాకు. జర అన్నం తిను."

"నీది కామర్స్ గదనే? గీ రాజుల ముచ్చట నీకెందుకు?"

"ఊకెనే. నెట్ల సదివిన."

"దినాం గదే సదువుతున్నవ్. సరే, అన్న మెసేజ్ పెట్టిండా?"

"పెట్టిండు. మంచిగున్న అన్నడు."

"ఇంకా?"

"గంతే."

"ఇయ్యి ఫోను, నేను సూస్త."

"ఇంగ్లీషు అక్షరాలల్ల రాస్తడమ్మా. నీకు రాదు."

"మాట్లాడొచ్చు గదా వాడు. గొంతు ఇనక నా పానం కొట్టుకుంటుంది."

"డ్యూటీల మాట్లాడనియ్యరని చెప్పలేదా?"

"పిలగాండ్లను ఆడ గదులల్ల వెట్టి తాళమేసి, మోసం ఫోన్లు చేయిస్తున్నరని టీవీల చెప్పిన్రు. రేపు పొద్దుగాల రైలెక్కి వికారాబాద్ పోదాం. ఎస్పీ ఆఫీసుల దరఖాస్తు ఇద్దాం."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటె వద్దమ్మా. మొన్ననే గదా అన్న గుడికి పోయిండు! తాళమేసినోళ్లు గుడికి తోల్కవోతరా?"

"ఏం రాసిండో మళ్ల సదువు."

"ఎన్నిసార్లే..."

"సదువు బిడ్డా."

"'అమ్మా, పొద్దుగాల్నే అంకోర్ వాట్ గుడికి పోయిన. దర్వాజ ముందల నిలవడితె నా ఎనక నుంచి పొద్దు పొడిసింది. ఎండ సక్కగ గుడిలకు పోయింది. నీ పేరు మీద దండం పెట్టిన.'"

"గా ఆయన గట్ల చెప్పలే."

"ఏ ఆయన?"

"ఫోన్లాయన. గా గుడికి దర్వాజ పడమటి దిక్కట. పొద్దు గుడి ఎనక నుంచి ఎల్లుతదట. సూపిచ్చిండు గూడ. గోపురాలు నల్లగ, ఎనక మొగులు ఎర్రగ."

"పడమటికా? గుడి అంటె తూర్పే గదా!"

"మన తాన. ఆడ గాదు."

"అయ్యో, నేను తూర్పే అనుకున్న..."

"నువ్వెందుకు అనుకుంటవే? సూసింది వాడు గదా. నిరోషా?"

"ఉండు, చాయ్ పెడ్త."

"చాయ్ వద్దు, కూసో. వాడు గుడికి పోయిండా? గీ మెసేజులు ఎవలు రాస్తున్నరు? తల వంచకు, నా దిక్కు సూడు. తిట్టనే. తిట్టేటంత బలం గూడ లేదు, అలిసిపోయిన. నా కొడుకు ఉన్నడా, లేడా? గదొక్కటి చెప్పు."

"అడగకమ్మా."

"సరే. చెప్పకు. రేపు నేనొక్కదాన్నే వికారాబాద్ పోత. పోత అంటున్న."

"పోకమ్మా... దసరాకు ముందు అన్న రాసిందే ఆఖరు. 'ఫోన్ గుంజుకుంటున్నరు. పోలీసులకు తెలిస్తె నన్ను ఇంకొకనికి అమ్ముతరట. అమ్మకు చెప్పకు చెల్లె. నేను మంచిగున్ననని దినాం ఏదన్న ఒకటి చెప్పు.'"